అక్క తలగడ

మా బావ పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిచ్చే మనిషి. భుజాన మనిషెత్తు విల్లు, చేతిలో కొయ్య సుత్తి, చంకలో దబ్బనాల సంచి. వీధి మొదట్లో నిలబడి విల్లు తీగ ఒక్కసారి మోగించాడంటే మేడ మీది వాళ్ళు కూడా కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇటు రావయ్యా" అని పిలిచేవాళ్ళు. పరుపుల పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. మా బావ దగ్గర ఇంకో విద్య ఉంది. పాత దూదిలో కాపురముండే, ఎవరి కంటికీ ఆననివి కొన్ని ఆయనకి కనిపిస్తాయి. వాటిని ఆయన మెత్తనోళ్ళు అంటాడు.

"మెత్తనోళ్ళంటే నీలాగా అక్క ఏమన్నా తలూపేవాళ్ళా బావా?" అని నేను ఏడిపించేదాన్ని.

"నాకంటే నయం. వాటికి ఆకలి తెలుసుగానీ అబద్ధం తెలీదు," అనేవాడు.

ఆయన చెప్పేదేమిటంటే, మనిషి తల ఏళ్ళ తరబడి ఒకేచోట ఆనితే అక్కడి దూదిలోకి అవి చేరతాయి. ఒక్కోదానికి ఒక్కో తిండి. ఒకటి నిద్ర తాగుతుంది, ఒకటి కలలు తింటుంది, ఇంకోటి జ్వరం మరిగి ఉంటుంది. దూది ఎండలో పరిచి ఏకితే నలకలతోపాటు పైకి లేచి గాలికి పోతాయి. చంపడాలూ, తిట్టి తరమడాలూ ఆయన దగ్గర లేవు.

రిటైరైన రైలు గార్డు ఒకాయన, వచ్చే పోయే ప్రతి రైలు వేళకీ మంచం మీద ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. బావ ఆయన పరుపు బాగు చేసి వచ్చిన కొన్నాళ్ళకి ఆ పెద్దాయనే వెతుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడు తెల్లారినా మెలకువ రావడం లేదు, తీసినదాంట్లో సగం మళ్ళీ పెట్టమని ఒకటే పోట్లాట. ఇంకో ఇంట్లో కొత్త దంపతులు పొద్దున లేస్తూనే కీచులాడుకుంటున్నారని పెద్దవాళ్ళు పిలిపించారు. బావ తలగడలు రెండూ విప్పి చూసి, "ఇందులో ఎవరూ లేరమ్మా, ఈ పోట్లాట అచ్చంగా మీదే," అని కుట్టేసి వచ్చాడు.

నేను పిల్లల బట్టలు కుట్టే దర్జీని. కనపడని దారంతో ఏ గుడ్డా నిలవదని నా గట్టి నమ్మకం. అయినా బావ వెళ్ళొచ్చిన ఇళ్ళలో మనుషులు తేరుకోవడం నేను కళ్ళారా చూశాను కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

ఊళ్ళు పట్టుకుని తిరిగే పని కదా, బావ ఇల్లు చేరేసరికి అందరూ పడుకుని ఉండేవాళ్ళు. ఒక్కోసారి వారాల తరబడి ఇంటి మొహం చూసేవాడే కాదు. కూతురు బుజ్జిది జ్వరంతో పోయినప్పుడు కూడా ఆయన ఎక్కడో ఎవరి పరుపో ఏకుతున్నాడు. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. దానికప్పుడు అయిదో ఏడు.

ఆ తర్వాత అక్క మళ్ళీ మనిషి కాలేదు. పెట్టింది తినదు, జుట్టు దువ్వుకోదు. గోడకి ఆనుకుని కూర్చుని, బుజ్జిదాని పసుపు గౌను ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ ఉండేది. ఆ గౌను నేను కుట్టిందే. ఛాతీ మీద కుచ్చులు, ఆకుపచ్చ బొత్తాలు, జేబు మీద వంకరగా ఒక బాతు. బాతు వంకరపోయిందని విప్పబోతే, అది అలాగే నడుస్తుందని బుజ్జిది నన్ను విప్పనివ్వలేదు. అక్కకి నిద్రన్నదే లేకుండా పోయింది. ఇలాగే ఉంటే ఈమె కూడా దక్కదని డాక్టరు బావని పక్కకి పిలిచి చెప్పాడు.

కొన్ని నెలలకి ఫోనులో అక్క గొంతు మారింది. వేళకి తింటున్నానంది, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నానంది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. బుజ్జిదాని మాట నేనే ఎత్తేదాన్ని కాదు, మానుతున్న పుండుని ఎందుకు కెలకడమని. బడులు తెరిచే రోజులు కావడంతో యూనిఫారాల పనిలో తలమునకలుగా ఉండి, కాస్త తీరిక చిక్కాకే చూడ్డానికి వెళ్ళాను.

మధ్యాహ్నం వేళ అక్క తలుపు తీసింది. శుభ్రంగా జడ వేసుకుంది, ఒళ్ళు కూడా చేసింది. నన్ను చూసి, "ఇప్పటికి తెలిసిందా దారి?" అని దెప్పింది. ఆ దెప్పు వినడానికి నేను ఎన్నాళ్ళు మొహం వాచి ఉన్నానో. వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి టీ పెట్టింది. పొయ్యి పక్కన మేకుకి వేలాడుతున్న మసిగుడ్డ తీసి, దాంతో గిన్నె అంచు పట్టుకుని దించింది. ఆ గుడ్డకి ఒక ఆకుపచ్చ బొత్తం వేలాడుతోంది. నా చేతి కుట్టు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

"అక్కా, ఆ గుడ్డ ఎక్కడిది?"

"ఎవరి పిల్లదో పాత గౌనే. పెట్టె అడుగున ఉంది. మీ బావనడిగితే ఏ పరుపుల వాళ్ళింటి నుంచో కలిసొచ్చిందన్నారు. నూలు గుడ్డ కదా, వేడికి బాగుంది," అంటూ అక్క పొయ్యి గట్టు తుడిచింది. వంకర బాతు నిండా మసి.

"బుజ్జిది..." అన్నాను.

"ఏ బుజ్జిది?" అంది అక్క. నవ్వుమొహంతోనే అడిగింది. ముందు గదిలో బుజ్జిదాని ఫోటో ఉండాల్సిన చోట గోడ వట్టిగా ఉందని నాకప్పుడు వెలిగింది.

బావ మేడ మీద ఎవరిదో పరుపు విప్పి ఎండలో పరుస్తున్నాడు. నన్ను చూడగానే చేతిలోని దూది కింద పెట్టాడు.

"మసిగుడ్డ చూశావా," అన్నాడు.

నేను అనకూడని మాటలన్నీ అన్నాను. నా నోటి సంగతి మా వాళ్ళందరికీ తెలుసు కాబట్టి అవి మళ్ళీ చెప్పను. నాకు ఆయాసం వచ్చి ఆగాక, ఆయన జరిగింది చెప్పాడు.

కిరాణా కొట్టావిడ ఒకామె, మొగుడు పోయిన దుఃఖం నుంచి ఇట్టే తేరుకుందట. ఇంట్లోవాళ్ళు మొదట సంబరపడ్డారు. ఒకరోజు ఆవిడ గోడ మీది ఫోటో చూపించి ఈయనెవరని అడిగేసరికి హడలిపోయి బావని పిలిచారు. ఆవిడ తలగడలో దుఃఖం తినేది ఒకటి చేరింది. పండు వలుచుకున్నట్టు దుఃఖాన్ని వలుచుకుని తినడం దానికి చేతకాదు. దుఃఖం ఎవరి గురించో ఆ మనిషితో సహా మింగేస్తుంది. బావ దాన్ని గాలికి వదలాలి. వదల్లేదు. గుప్పెడు దూదిలో చుట్టి, జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి, అక్క తలగడలో కుట్టేశాడు.

"అంటే అది ఏం చేస్తుందో నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"తెలిసే పెట్టావు."

"కాస్త తిననిచ్చి తీసేద్దామనుకున్నాను. మర్నాడు మీ అక్క కంచం ముందు కూర్చుని అడిగి పెట్టించుకుంది. రేపు తీద్దాంలే అనుకున్నాను. రోజూ అదే అనుకున్నాను." కూర్చుని సుత్తి పిడిని గోటితో గీకాడు. "నేను పెట్టెలో దాచిన గౌను తెచ్చి ఎవరిదని అడిగిన రోజైనా తీయాల్సింది. అబద్ధం చెప్పాను. నా కళ్ళ ముందే దాన్ని నీళ్ళలో ముంచి పొయ్యి తుడిచింది. నేను టీ తాగుతూ చూశాను. ఆ టీ ఎలా దిగిందో నాకు గొంతులో."

దబ్బనాల సంచిలోంచి బుజ్జిదాని ఫోటో తీసి నాకు చూపించాడు. అంచులు సూదులు గుచ్చుకుని చిల్లులు పడ్డాయి.

"ఇప్పుడు తియ్యి బావా," అన్నాను.

"తీస్తే మళ్ళీ ఆ గోడకి ఆనుకునే కూర్చుంటుంది. ఈసారి తట్టుకోలేకపోతే?"

కింద అక్క ఏదో కూనిరాగం తీస్తూ గిన్నెలు కడుగుతోంది. ఆ రాగం విని, పోనీలే బావా, వద్దులే అని నోటిదాకా వచ్చింది. ఆయనే లేచాడు.

"ఇప్పుడు బుజ్జిదాన్ని తలుచుకోడానికి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను మరదలా. దాన్ని నేను చూసిందే తక్కువ. నా దగ్గరున్నది దానికి సరిపోదు," అన్నాడు.

తలగడ తెచ్చి, గలీబు తీసి, కుట్టు కోశాడు. లోపల దూది ఒక్క ఉండ కూడా లేకుండా తెల్లగా, కొత్తగా ఉంది. అన్నేళ్ళు విల్లు పట్టిన చేతికి ఆ రోజు తీగ దొరకలేదు, సుత్తి రెండుసార్లు జారింది. తర్వాత మోగింది. దూది రేగి నలకలు లేచాయి. నాకు నలకలే కనిపించాయి. బావ మాత్రం దేన్నో కళ్ళతో వెంబడిస్తూ, "నీ తప్పేం లేదు, వెళ్ళు," అన్నాడు.

కింద కూనిరాగం ఆగిపోయింది.

మేము పరుగున దిగాం. అక్క పొయ్యి ముందు తడి చేతులతో నిలబడి ఉంది. మసిగుడ్డని మేకు మీంచి తీసి, బాతు మీది మసిని బొటనవేలితో తుడుస్తోంది. తుడిచిన కొద్దీ అది ఇంకా అంటుకుంటోంది. "నేనే కదా," అంది నన్ను చూసి. "దీంతో నేనే కదా పొయ్యి తుడిచింది." అలాగే నేల మీద కూలబడింది. నేను వెళ్ళి పట్టుకున్నాను. లోపలికి రావడానికి మొహం చెల్లక బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నువ్వు కాదే, నేను," అని అక్కణ్ణుంచే చెప్పాడు. చేసినదంతా ఒక్కటి దాచకుండా చెప్పాడు.

నేను కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయాను. అక్క మళ్ళీ గోడకి ఆనుకుని కూర్చునేది. అయితే బుజ్జిదాని సంగతులు నాతో చెప్పుకుని ఏడ్చేది, ఏడ్చాక లేచి ఇంత తినేది. నా భయం కొంచెం తగ్గింది. బావతో మాత్రం ఒక్క మాట లేదు. ఆయన ఫోటోని మళ్ళీ గోడకి తగిలించి, దాని కింద ముద్దాయిలా తిరిగేవాడు. ఒక సాయంత్రం అక్కే ఆయన్ని పిలిచింది.

"అది తిన్నదంతా తిరిగి వచ్చేస్తుందా?"

"కొంత అరిగిపోతుంది. ఎంతో నాకు తెలీదు."

"పడుకునే ముందు బుజ్జిది నా చెవిలో ఏదో చెప్పేది," అంది అక్క. "రోజూ చెప్పేది. చెప్పేదని తెలుస్తోంది, ఏం చెప్పేదో గుర్తు రావడం లేదు. నాలుగు రోజులుగా వెతుక్కుంటున్నా. మీకు తెలుసా?"

బావ నా వంక చూశాడు. నాకెలా తెలుస్తుంది. ఆయన గోడ మీది ఫోటో వంక చూశాడు.

"ఆ వేళకి నేనెప్పుడూ ఇంట్లో లేను," అన్నాడు.

అక్క తలూపింది. కోప్పడలేదు. ఆమె కోప్పడితే బాగుండునని బావ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఇప్పటికీ ఆయన పరుపులు బాగు చేస్తూనే ఉన్నాడు, పొద్దు వాలకముందే ఇల్లు చేరుకుంటాడు. అక్కకి ఆ మాట ఇంకా గుర్తు రాలేదు. పని చేయించుకునే ఇళ్ళలో పిల్లలుంటే, పడుకునేటప్పుడు వాళ్ళేమంటారని బావ తండ్రుల్ని అడుగుతాడట. చాలామంది తెల్లమొహం వేస్తారు, కొందరు ఈయనకి పిచ్చి అనుకుంటారు. ఆయన విల్లు పక్కన పెట్టి, ఇవాళ రాత్రి వాళ్ళ మాట విని రండి, పరుపు రేపు కుడతాను అంటాడు.