ఖాళీ గదిలో పాడిన నాలుగు పాటలు

పోయిన వారం నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక గొంతు డాక్టరు మా బావను నలభై రోజుల పాటు ఒక్క మాట కూడా మాట్లాడొద్దని చెప్పి ఇంటికి పంపించాడు. ఆపరేషన్ చిన్నదే, బాగానే జరిగింది. మాట తిరిగి వస్తుందట, అరుపు మాత్రం ఇక రాదట. ఈ రెండో సంగతిని ఆయన, పళ్లు తోముకోమని చెప్పినంత మామూలుగా చెప్పాడు. బయట చీటీలు రాసుకునే అమ్మాయి, గొంతు ఇంతగా చెడిందంటే సారు టీచరా, లీడరా అని అడిగింది. పాటలు పాడతాడని చెప్పాను. ఆమె బావ గడ్డం వైపు కాసేపు చూసి, భజనలా అని అడిగింది. దాదాపు అలాంటివేనన్నాను. బావ నవ్వబోయి, నవ్వడానికి అనుమతి ఉందో లేదో తెలియక మధ్యలోనే ఆగిపోయాడు. బస్టాండు దగ్గర ఒక పలక, బలపం కొనిచ్చాను. బోధన్ బస్సు కదిలాక దాని మీద బావ రాసిన మొదటి వాక్యం ఇది: 'ఇంక నాలుగు పాటలున్నయి.'

ఆ నాలుగు పాటల సంగతి మీకు చెప్పాలి. మన ఈడు వాళ్లలో చాలామందికి మెటల్‌కోర్ అంటే తెలియకపోవచ్చు. తెలియనందువల్ల మీరు పోగొట్టుకున్నదీ పెద్దగా లేదు. గిటార్లూ డ్రమ్ములూ పరుగెత్తుతుంటే ఒకడు గొంతు చించుకుని అరుస్తాడు, నడుమ నడుమ పాడతాడు, ఒకచోట అంతా ఒక్కసారి నెమ్మదించి బరువుగా దిగుతుంది. ఆ చోటును బ్రేక్‌డౌన్ అంటారు. పదేళ్ల కిందట మేం ముగ్గురం ఈ పని చేశాం. నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ, మిగిలిన వేళల్లో గిటారు వాయించేవాణ్ణి. రెండు చోట్లా వినేవాళ్లు తక్కువే. డ్రమ్ములూ, కంప్యూటర్లో రికార్డు చేసే పనీ మా తమ్ముడివి. అరుపు బావది.

బావ అంటే మా మేనమామ కొడుకు. మామ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మిల్ హౌస్‌లో, అంటే చెరుకు నలిగే చోట, ఇరవై ఏడేళ్లు పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి అక్కడివాళ్లు యంత్రం ఒంటికి అరచేయి ఆనించి, ఏ బేరింగు వేడెక్కిందో, ఏ రోలరు జారుతున్నదో పట్టేసేవాళ్లట. వాళ్లలో కూడా మామ చేయి పేరుపడ్డ చేయి. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆయన మాటలు తగ్గించాడు, తర్వాత మానేసినంత పని చేశాడు. ఎవరేం చెప్పినా 'ఊ' అనేవాడు, అంతే. ఆ ఇంట్లో ఆయనకు ఏది చెప్పాలన్నా అరవాలి. అత్త బీడీలు చుట్టే చేటలోంచి తల ఎత్తకుండానే, వాడకట్టు చివరి దాకా వినబడేట్టు 'అన్నం తింటవా' అని అరిచేది. బావ పదో తరగతి నుంచీ చేసిన సాధన కూడా అదే. తండ్రిని అన్నానికి పిలిచి పిలిచి అలాంటి గొంతు సంపాదించినవాడు ఇంకొకడుంటే నాకు తెలియదు.

ఆల్బమ్ చేద్దామన్నది బావే. తొమ్మిది పాటలు, పేరు 'క్రషింగ్', అంటే మిల్లులో చెరుకు ఆడటం. మొదటి పాటలో బాయిలరు ముట్టిస్తారు, చివరి పాటలో గేటుకు తాళం పడుతుంది. మాటలన్నీ బావ రాసినవే, అచ్చం బోధన్ తెలుగు. అయితే అది తెలుగని విన్నవాళ్లెవరూ కనిపెట్టకపోవడం వల్ల, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఇది పేరు కోసం కాదని బావ మొదటి రోజే మాకు చెప్పాడు. ఇంట్లో ఎంత అరిచినా 'ఊ' అని ఊరుకునే మనిషి, తన మిల్లు గురించి కొడుకు అరిచిన అరుపైనా వింటాడేమోనని ఆశ. "బాపు ఒక్కసారి ఇంటే చాలు" అన్నాడు. మేం సరేనన్నాం. అప్పట్లో మాకు అది చిన్న కోరికలాగే కనిపించింది.

స్టూడియో అంటే హైదరాబాద్ వెళ్లాలి. మాకు దగ్గరలో ఉన్నది వేల్పూర్. అక్కడ మా చిన్నాయన పసుపు పండిస్తాడు. ఆ ఎండాకాలం పంటంతా ఉడికించి, ఎండబెట్టి, బస్తాలకెత్తి, మంచి ధర కోసం ఇంటి వెనుక గదిలో పైకప్పు దాకా పేర్చి ఉంచాడు. తమ్ముడు ఆ గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూసి, ఇంతకంటే మంచి స్టూడియో ఈ జిల్లాలో లేదన్నాడు. నిజమే, కొట్టిన చప్పుడు కొట్టినట్టే గోనెల్లో ఇంకిపోయేది, తరుగూ మిగులూ లేకుండా. నాలుగు వైపులా బస్తాలు, నడుమ డ్రమ్ములు, తలుపు మూస్తే లోపల మేం ఉడికేవాళ్లం. వారం తిరిగేసరికి గిటారు తీగలు పసుపు, డ్రమ్ముల తాళాలు పసుపు, బావ ఉమ్మితే అదీ పసుపు. చిన్నమ్మ మమ్మల్ని చూసి, పెండ్లికొడుకులు ముగ్గురు తయారైండ్రు, పిల్లలే దొరకాలె అనేది. ఐదు పాటలు అలా అయ్యాయి. ఇప్పటికీ ఆ ఐదు పాటల గురించి నేను వేళాకోళం చేయను.

ఆరో పాట మొదలుపెట్టాల్సిన రోజు పొద్దున ఇంటి ముందు లారీ ఆగి ఉంది. నిజామాబాద్ యార్డులో ధర లేచిందట. చిన్నాయన మా ముఖాలు చూసి, కొంచెం మొహమాటపడుతూ, "పాటలు రేపు గూడ పాడొచ్చు బిడ్డా, గీ ధర రేపుండదు" అన్నాడు. ధర వచ్చిన రోజు రైతును ఆగమనే అలవాటు మా ఇంటా వంటా లేదు. మేం కూడా ఒక చేయి వేసి బస్తాలు లారీకెక్కించాం. అంటే మా స్టూడియోను మేమే మోసి పంపించామన్నమాట. తమ్ముడు పుణెలో ఉద్యోగంలో చేరడానికి ఇంకా పది రోజులే ఉంది. మిగిలిన నాలుగు పాటలూ ఆ ఖాళీ గదిలోనే కానిచ్చాం. అరుపు గోడలకు తగిలి తిరిగొస్తుంటే హెడ్‌ఫోన్లలో మాకు అది మహా గంభీరంగా వినిపించి, బస్తాలు ముందే పోయుంటే బాగుండేదని కూడా అనుకున్నాం. ఇంత తెలివితక్కువ మాట అన్నది ముగ్గురిలో ఎవరో నాకు గుర్తుంది కానీ, రాస్తున్నది నేనే కాబట్టి వదిలేస్తున్నాను.

ఆల్బమ్‌కు దొరికిన ఆదరణ గురించి ఎక్కువ రాయడానికి లేదు. సీడీలు చేయించి పంచాం. అప్పటికే చాలా ఇళ్లలో సీడీ వేసే యంత్రాలు పోయాయి. చిన్నాయన తన వంతు ఐదింటినీ మక్కచేనులో దారానికి వేలాడదీశాడు, ఆ ఏడు చేను మీద పిట్ట వాలలేదట. మా సంగీతం పూర్తి ప్రభావం చూపింది అక్కడే. ఇంటర్నెట్‌లో పెడితే, ఎక్కడో పెద్ద ఊరి అబ్బాయి ఒకడు మెచ్చుకుంటూ రాశాడు. ముఖ్యంగా చివరి నాలుగు పాటల్లో ధ్వనిని కావాలనే బోలుగా చేసి, మూతబడ్డ ఫ్యాక్టరీలోని శూన్యాన్ని గొప్పగా చూపించారన్నాడు. అలాగే అనుకోనిచ్చాం. అన్ని నెలలూ తండ్రికి వినిపించడానికి జంకుతూ వచ్చిన బావకు, ఆ నాలుగు మెప్పు మాటలే ధైర్యమిచ్చాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం టెంట్ హౌస్ నుంచి పెద్ద స్పీకర్ బాక్సు తెచ్చి మామ ముందు పెట్టాం. ఇది మిల్లు మీద కట్టిన పాటని బావ చెవి దగ్గర అరిచి చెప్పాడు, ఎప్పటిలాగే 'ఊ' అన్నాడు మామ. పాట మొదలైంది. గోడ మీది క్యాలెండరు ఊగింది, అత్త చేటలోని ఆకులు కదిలాయి, మామ కదల్లేదు. కాసేపటికి లేచి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, బాక్సు చెక్కకు అరచేయి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు ఆయన బొటనవేలు చెక్క మీద మెల్లగా కదలడం మొదలైంది. మొదటి ఐదు పాటలూ చేయి తీయలేదు. రెండేళ్లలో మేమెవరం వినని మాట అప్పుడన్నాడు.

"మంచిగ నడుస్తున్నది. లోడు మీద ఉన్నది."

బావ నా వైపు చూడలేదు, గోడ వైపు తిరిగాడు. ఆరో పాట మొదలైంది. మామ కళ్లు తెరిచాడు. చేయి కొంచెం పక్కకు జరిపి చూశాడు, ఇంకొంచెం కిందికి పెట్టి చూశాడు, తర్వాత తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గిది ఖాళీగ తిరుగుతున్నది" అన్నాడు.

"ఏంది బాపు?" అని అరిచాడు బావ.

"మిల్లుల చెరుకు లేదురా. ఖాళీ మిల్లు గిట్లనే అదురుతది. ఆపుండ్రి, రోలర్లు ఖరాబైతయ్." లేచి లోపలికి పోబోతూ గుమ్మం దగ్గర ఆగి, "చెరుకు పడ్డంక చెప్పు, ఇంట" అన్నాడు.

పెద్ద ఊరి అబ్బాయికి శూన్యమనిపించినదాన్ని, చెవులు లేని మనిషి అరచేత్తో పట్టుకుని, గదిలో బస్తాలు లేవని తేల్చేశాడు. బావ మాత్రం వెలిగిపోతున్నాడు. వింటానన్నాడు కదా, నాలుగు పాటలు మళ్లీ చేద్దాం, వచ్చే పంటకు గది నిండుతుంది, అంతే కదా అన్నాడు.

అంతే. కానీ ఆ ఏడు చిన్నాయన పసుపును కళ్లం నుంచే యార్డుకు తోలాడు. తమ్ముడికి సెలవు దొరకలేదు, తర్వాత పెళ్లయింది, తర్వాత వాడు సెలవు అడగడమే మానేశాడు, నేను వాణ్ణి రమ్మనడం మానేశాను. నిజం చెప్పాలంటే, ఊళ్లో నలభై బస్తాలు ఎక్కడ అడిగినా దొరికేవి, నేను అడగలేదు. బోధన్‌లో దాణా కొట్టులో పనిచేసే బావ మాత్రం గొంతు సిద్ధంగా ఉండాలని ఆదివారం ఆదివారం కందకుర్తి వెళ్లి, రెండు నదులు కలిసే చోట మనుషులకు దూరంగా నిలబడి ఆ నాలుగు పాటలూ అరిచి వచ్చేవాడు. మరుసటి ఏడు వానాకాలంలో మామ పోయాడు. పోయేదాకా నెలకోసారి, చెరుకు పడ్డదా అని కొడుకును అడిగేవాడట. అది పాటల గురించో, ఫ్యాక్టరీ గురించో బావకు ఎప్పుడూ తెలియలేదు; తెలియకుండానే ప్రతిసారీ, ఇంకా పడలేదు బాపు అని అరిచి చెప్పేవాడు. రెండింటికీ ఆ జవాబే సరిపోయింది. మామ పోయిన తర్వాత కూడా బావ కందకుర్తి వెళ్లడం మానలేదు. ఎందుకని నేను అడగలేదు. గొంతులో చిన్న కాయగా గట్టిపడిన ఆ తొమ్మిదేళ్ల ఆదివారాలనే పోయిన వారం డాక్టరు కోసి, చిన్న సీసాలో వేసి మాకు చూపించాడు.

ఆ రోజు బావను ఇంటికి చేర్చి, మాట్లాడించొద్దని అత్తకు చెబితే తల ఊపింది. అన్నం వేళకు, మూడడుగుల దూరంలో కూర్చున్న కొడుకు వైపు తిరిగి, వాడకట్టు చివరి దాకా వినబడేట్టు "అన్నం తింటవా" అని అరిచింది. మాట్లాడని మనిషికి వినబడదనుకోవడం ఆ ఇంటి అలవాటు. బావ పలక అందుకుని, ఏమీ రాయకుండానే పక్కన పెట్టి, తలాడించాడు. అచ్చం మామ 'ఊ' అన్నట్టే.

మనం పెరిగిన రోజుల్లో ఫ్యాక్టరీ కూత విని పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు, క్రషింగ్ మొదలైతే ఊరంతా బెల్లప్పాకం వాసన వేసేది, రోడ్ల మీద చెరుకు బండ్ల వెనుక పరుగెత్తి గడలు గుంజుకునేవాళ్లం. ఇప్పుడు బోధన్ చాలా ప్రశాంతంగా ఉంది. గట్టిగా చెప్పాల్సిన మనిషి లేడు, గట్టిగా చెప్పగలిగిన గొంతూ లేదు. పలక మీది వాక్యానికి నేను ఇంతవరకూ జవాబు చెప్పలేదు. నలభై రోజుల గడువుంది కదా అనుకుంటున్నాను.

ఆ రోజు తిరుగు బస్సులో నేనూ, కండక్టరూ, ఇంకో ఇద్దరూ. ఫ్యాక్టరీ గోడ దాటుతున్నప్పుడు, ఎందుకో, బస్సు రేకుకు అరచేయి ఆనించి చూశాను. ఖాళీ బస్సు కదా, బాగా అదురుతోంది. చేయి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.