కోడ్ అడిగిన మిషన్

మా ఆయన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ చైనాది. పాతబస్తీ జహనుమాలో మా ఇంటి ముందుగదిలో ఉండేది. దాన్ని బిగించడానికి చైనా నుంచే ఒక టెక్నీషియన్ వచ్చాడు. ఆయనకు తెలుగూ ఉర్దూ రావు, మా ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని, అదీ అర్థంకాకపోతే చేతులూపుకుని, ఉన్నన్నాళ్లూ ఇద్దరూ ఒకటే నవ్వులు. నా పప్పుచారైతే లొట్టలేసుకుంటూ తాగాడు మహానుభావుడు!

ఆయన చైనా వెళ్లిపోయాక కూడా మిషన్ మొరాయిస్తే మా ఆయన వీడియో కాల్ చేసేవాడు. ఆయన అక్కడ వేలు చూపిస్తే ఈయన ఇక్కడ స్క్రూ తిప్పేవాడు. తర్వాత చైనా సరిహద్దులో లొల్లి అయింది. వాళ్లు కాల్ చేసుకునే చైనా యాప్ ఇక్కడ బందయింది. దాంతోపాటే ఆ టెక్నీషియనూ దొరక్కుండా పోయాడు.

ఆ తర్వాతి దసరాకు మా ఆయన మిషన్‌కు పసుపూ కుంకుమా పెట్టి, దానిమీదే కొబ్బరికాయ కొట్టబోయాడు.

"కింద బండ మీద కొట్టరాదయ్యా" అన్నాను.

"అన్నం పెట్టే మిషన్‌కు కింద కొడ్తరా?" అన్నాడు.

వింటేనా! కొబ్బరినీళ్లు కంట్రోల్ డబ్బాలోకి దిగి బోర్డు కాలిపోయింది.

మిషన్ అమ్మిన బేగంబజార్ సేటు ఎలాగో కొత్త బోర్డు తెప్పించాడు. బిగించగానే తెర మీద కోడ్ అడిగింది. కంపెనీవాళ్ల కోడ్ కొడితేగానీ సూది కదలదట. పాతబస్తీ మెకానిక్కులందరూ వచ్చారు, చూశారు, చాయ్ తాగి పోయారు. పెళ్లిళ్ల సీజన్. చీరల షాపులవాళ్లు ఇచ్చిన బట్ట వెనక్కి పట్టుకుపోయారు.

చివరికి సేటే ఆ టెక్నీషియన్ కొత్త నంబరు సంపాదించాడు. ఫోన్‌లో మొహం కనపడగానే మా ఆయన మురిసిపోయాడు. ఆయన మాత్రం నవ్వలేదు. ఇండియావాళ్లకు కోడ్ ఇవ్వొద్దు, పని నేర్పొద్దు అని కంపెనీ ఆర్డరట. ఇస్తే ఉద్యోగం పోతుందట. ఫోన్‌లోని అనువాదం గొంతు అదంతా చదివింది. ఆయన తల దించుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మనింట్ల తిని గిట్ల చేస్తడా?"

"ఆయనేం చేస్తడే, పాపం. ఆయనకు గూడ పిల్లలున్నరు."

ఆ మాటతో నా కోపానికి దిక్కు లేకుండా పోయింది. ఎక్కడో పెద్దవాళ్లు పంతాలకు పోయి మా పొట్ట కొట్టారు. వాళ్లను తిట్టినా వినపడదు కదా.

ఇల్లు గడవాలి. మా ఆయన వేరేవాళ్ల కార్ఖానాలో దారాలెక్కించే పనికి కుదిరాడు. కొనేవాళ్లు లేక మిషన్‌ను పాత ఇనుముకు ఇచ్చేశాం. కబాడీ అతను వచ్చి, ముక్కలు చేసి పట్టుకుపోదామని సుత్తి ఎత్తాడు. మా ఆయన ఉరికొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టకు భాయ్. అది మంచిగనే ఉన్నది."

కబాడీ అతను నా వైపు చూశాడు. కొట్టమని నేనే చెప్పాను.