బంకమట్టి జారిన తొట్టి

ఆటోనగర్‌లో మా షెడ్డుకు రెండు పక్కలా లారీ బాడీలు కట్టేవాళ్లే. మేం మాత్రం ఫ్యాక్టరీలకు హాపర్లు చేసేవాళ్లం. హాపరంటే పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండే పెద్ద ఇనుప తొట్టి. పైన పోసిన సరుకు కిందనున్న బెల్టు మీదకు జారాలి. షెడ్డు యజమాని బాలశౌరి గారిది గుణదల. ఎనిమిదో తరగతితో చదువాపేసి వెల్డింగులో దిగిన మనిషి. 1973లో నేను డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ముగించి, పటమట నుంచి నడుచుకుంటూ పనికోసం వెళ్తే, "ఈ మోతలో కూచోగలవా తెరేసా?" అని ఒక్కమాటే అడిగారు. కూచోగలనన్నాను. మర్నాటికి కిటికీ పక్కన డ్రాయింగు బల్ల వేయించారు. అప్పట్నుంచీ ఆయన నాకు బాబాయి.

మరుసటి ఏడు వానల్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. వాళ్ల బంకమట్టి హాపరు రోజుకు పదిసార్లు పూడుకుపోతోందట. మేం వెళ్లేసరికి జక్కయ్య అనే కూలీ పక్కటెముకలకు కట్టు కట్టించుకుని వరండాలో కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?" అన్నారు బాబాయి.

"మట్టి లోపల ఇంటికప్పులాగా బిగుసుకుందండీ. పలుగుతో పొడుద్దామని దిగా. ఒక్కసారే విరిగి, గుండెల దాకా కూరుకుపోయా. తాడేసి లాగారు."

"మళ్లీ దిగుతావా?"

"దిగకపోతే పనెక్కడిదండీ?"

బాబాయి లేచి హాపరు దగ్గరికి నడిచారు.

ఫ్యాక్టరీ ఇంజనీరు వెంకటప్పయ్య గారు, "ఇంకో వైబ్రేటరు బిగించండి. కదిపితే అదే జారుద్ది," అన్నారు. బాబాయి ఒక డబ్బాలో తడిమట్టి నింపి, పక్కలు సుత్తితో కాసేపు తట్టి, బోర్లించి చూపించారు. చిటికెడు కూడా రాలలేదు.

"కదిపేకొద్దీ గట్టిపడుతోందండీ. తొట్టి ఆకారమే మార్చాలి."

గోనెసంచెడు మట్టి తెచ్చుకుని రెండు వారాలు అదే పని. రేకుల్ని రకరకాల వాలుల్లో నిలబెట్టి మట్టిముద్దలు పెట్టడం, జారినప్పుడు నేను కోణం రాసుకోవడం. మామూలు రేకుకు అతుక్కుపోయిన మట్టి, నున్నటి స్టెయిన్‌లెస్ రేకును బాగా నిటారుగా నిలిపితే జారింది. "కింది నోరు చిన్నదైతే నాలుగు పక్కలా ఆనుకుని కప్పు కట్టేస్తోందమ్మాయ్. పొడుగ్గా పెడదాం," అన్నారు బాబాయి. ఆయన నేలమీద సుద్దతో గీస్తే నేను కాగితం మీద కొలతల్తో ఎక్కించాను.

సెప్టెంబరులో కొత్త హాపరు బిగించాం. గంటసేపు చక్కగా నడిచింది. తర్వాత ముందువైపు, అంటే బెల్టు సాగే వైపున్న సగం మట్టి కదలడం మానేసింది. ఇంజనీరు గారు నవ్వారు. అప్పటికి మళ్లీ పనిలో చేరిన జక్కయ్య, అలవాటుగా పలుగందుకున్నాడు. బాబాయి అతని చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు దిగొద్దు. ముందు బెల్టు ఆపించండి."

హాపరు కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశారు. బయటికొచ్చేసరికి కనుబొమ్మల నిండా మట్టే.

"బెల్టు వెనకాల్నే నిండిపోతోంది తెరేసా. ముందుకొచ్చేసరికి దాని మీద చోటే లేదు. ఇంక ముందున్న మట్టి ఎట్టా దిగుద్ది?"

నాకు చటుక్కున తోచింది. సిమెంటు సంచీ కాగితం మీద నోరు గీశాను. వెనక ఇరుకు, బెల్టు నడిచే వైపు పోనుపోను వెడల్పు.

"అప్పుడు ప్రతి అడుగులోనూ కొత్తమట్టికి చోటుంటుంది గదా, బాబాయి?"

ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "కొయ్యండ్రా రేకు!" అని వెల్డర్లను కేకేశారు.

మూడు రోజుల తర్వాత, జోరున వానలో, మట్టి తెగకుండా మందపాటి పట్టీలా దిగింది. జక్కయ్య సాయంత్రం దాకా పలుగు పట్టుకుని నిలబడి, చివరికి దాన్ని గోడకానించాడు. నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నాడు. ఆ ఏడు వానలు వెలిసేదాకా ఎవరూ లోపలికి దిగలేదు. జక్కయ్యను బెల్టు స్విచ్చి దగ్గర వేశారు.

వెంకటప్పయ్య గారే స్వయంగా షెడ్డుకొచ్చి ఇంకో రెండు హాపర్లు అడిగారు. ఆ డ్రాయింగులో, రూపకర్త పేరుండే గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో బాబాయి పేరు రాశాను.

"షాపు పేరు చాలు గదమ్మా!"

"షాపు మట్టిలో పడుకోలేదు గదా," అన్నాను.

ఆ డ్రాయింగుకు తీయించిన, అమ్మోనియా వాసన కొట్టే ప్రింటును మడిచి ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాడొచ్చి నా బల్ల దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని అన్నారు:

"మీ అమలమ్మ పిన్ని రెండుసార్లు చదివింది. స్పెల్లింగు తప్పు లేదంది."