గువ్వలరేవు యుద్ధానికి కారణాలు

గువ్వలరేవు హైస్కూల్లో సోషల్ చెప్పే సూర్యకుమారి టీచరు, మాజీ ప్రెసిడెంటు గంగాధరరావు గారి మీద పగబట్టి పన్నెండేళ్ళయింది. ఈ మధ్యలో గోదావరికి పుష్కరాలు వచ్చి వెళ్ళాయి. ఆవిడ పగ మాత్రం వచ్చిందే గాని వెళ్ళలేదు.

పైకి చూస్తే ఎవరికీ తెలియదు. వీధిలో ఎదురైతే "బాగున్నారాండీ ప్రెసిడెంటు గారూ" అంటుంది. ఆయన "ఆయ్, మీ దయండీ టీచరుగారూ" అంటాడు. మా వైపు మర్యాద అలాంటిది. మనిషిని గోదాట్లోకి తోసినా "కాస్త జాగ్రత్తండీ" అనే తోస్తాం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మాత్రం, "వీడి పాడె కట్ట, ఇంకా నిక్షేపంలా ఉన్నాడు" అని పళ్ళు నూరుకునేది. నీళ్ళు కాగినా కాగకపోయినా ఆవిడ కడుపులో మంట మాత్రం ఆరేది కాదు.

మంటకి కారణం ఆవిడ తమ్ముడు ధర్మరాజు. కుడిచెయ్యి మోచేతి కిందనుంచి లేదు. ఒకప్పుడు వరద గోదావరిని ఈదినవాడు, కర్రసాములో చుట్టుపక్కల సాటిలేనివాడు. చెయ్యి పోయాక సంబంధాలు రావడం ఆగిపోయింది. బావ మస్కట్‌లో ఉంటాడు గనక అక్క ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ చెయ్యి పోయింది మధ్యలంక మీద. గువ్వలరేవుకీ, ఏటి అవతల ఏటిపాలేనికీ నడుమ గోదావరి మేటవేసిన నేల అది. వరద ఒక ఏడు ఈ పక్క కోస్తుంది, ఇంకో ఏడు ఆ పక్క పోస్తుంది. నది ఇచ్చిన నేలకి నదే సాక్షి, నది కోర్టుకి రాదు. అందుకని వరద తీసిన ప్రతిసారీ ముందు ఎవరు పాక వేస్తే వాళ్ళదే అనే తగువు రాజుకునేది. ఆ ఏడు ఏటిపాలెం వాళ్ళు రెల్లు కోసుకుపోతున్నారని గంగాధరరావు గారు కుర్రాళ్ళని పోగుచేసి పడవెక్కించాడు. "మీరు పదండి, నేను వెనక పడవలో వచ్చేత్తాను" అన్నాడు. వెనక పడవ రాలేదు. ఆయన మండపేటలో ఎవరిదో పెళ్ళిలో భోంచేస్తుండగా ఇక్కడ రెల్లు కొడవలి ధర్మరాజు చేతిమీద పడింది.

ఊరు అతన్ని గొప్పగానే చూసింది. ఆగస్టు పదిహేనుకి శాలువా. ఏ మీటింగు పెట్టినా ముందు వరసలో కుర్చీ. "ఊరికోసం చెయ్యిచ్చినవాడు" అని మైకులో చెప్పినప్పుడల్లా ధర్మరాజు మొహం వెలిగిపోయేది. చొక్కా ఖాళీ చేతిని కూడా ఇస్త్రీ చేయించుకునేవాడు. ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నాడు పాపం.

సూర్యకుమారికి తెలిసిన సంగతి వేరే ఉంది. చెయ్యి పోయిన మూడో నెలలో సలోమి చెప్పింది. సలోమి అదే స్కూల్లో హిందీ టీచరు, రోజూ ఏటిపాలెం నుంచి పడవలో వస్తుంది. కొట్లాటకి ముందురోజు సాయంత్రం సలోమి వాళ్ళ నాన్నతో కలిసి ముగ్గురు పెద్దలు గంగాధరరావు గారి ఇంటికి వచ్చారట. తాడేసి కొలుచుకుని చెరిసగం తీసుకుందాం, కొట్టుకోవడం దేనికి అన్నారట. ఆయన "రేపు చెప్తానండీ" అని మజ్జిగిచ్చి పంపించాడు. మర్నాడు పొద్దున్న రేవులో కుర్రాళ్ళతో, "మాట్లాడ్డానిక్కూడా రాలేదర్రా ఆ ఎదవలు" అన్నాడు. ఎందుకయ్యా అంటే, అంతకుముందెప్పుడో ఒక పెళ్ళి సంబరంలో ఏటిపాలెం ప్రెసిడెంటు ఈయన్ని చూసి కుర్చీలోంచి లేవలేదు. కుర్చీ తగువుకి ఆవిడ తమ్ముడి చెయ్యి పోయింది.

ఈ మాట బయటపెడితే గంగాధరరావు పరువు గోదాట్లో కలుస్తుంది. దాంతోపాటు ధర్మరాజు బతుకుతున్న ఆ ఒక్క మాటా కలుస్తుంది. అందుకే గుటక వేసి ఊరుకుంది. ఊరుకున్నకొద్దీ పగ ఊరగాయలా ముదిరింది.

ఆ కసి అంతా పదో తరగతి వాళ్ళ మీద పడేది. మొదటి ప్రపంచయుద్ధం పాఠం వచ్చిందంటే ఆవిడ గొంతు హెడ్‌మాస్టారి గదిదాకా వినబడేది. "సరయేవోలో యువరాజుని కాల్చేశారు, సరే. కాల్చిన రోజుకీ యుద్ధం మొదలైన రోజుకీ మధ్య నెల్రోజులుందిరా! నెల్రోజుల్లో ఎన్ని రాయబారాలు నడపొచ్చు? జర్మనీ చక్రవర్తి, రష్యా చక్రవర్తి, ఇంగ్లండు రాజు, అంతా చుట్టాలే. ఎవడూ వెనక్కి తగ్గలేదు, తగ్గితే మీసం పోతుందని. ఆకులు రాలేసరికి ఇంటికొచ్చేస్తారని చెప్పి కుర్రాళ్ళని పంపేరు. కందకాల్లో లక్షలమంది పోయేరు. ఆ జర్మనీ చక్రవర్తి ఏమయ్యేడో తెలుసా? హాలండు పారిపోయి, కట్టెలు కొట్టుకుంటూ ఎనభై దాటేదాకా బతికి, మంచం మీద పోయేడు!" ఆ చివరి మాట దగ్గర సుద్దముక్క విరిగేది. ఎప్పుడో పోయిన పరాయి దేశపు చక్రవర్తి మీద టీచరుగారికి అంత కోపం ఎందుకో పిల్లలకి అర్థమయ్యేది కాదు.

వెర్సాయి సంధి దగ్గర మాత్రం ఆవిడ గొంతు మెత్తబడేది. ఏ అద్దాల మహల్లో జర్మన్లు ఫ్రాన్సుని ఓడించి సామ్రాజ్యం ప్రకటించుకున్నారో, దాదాపు యాభై ఏళ్ళకి ఫ్రెంచివాళ్ళు అదే మహల్లో వాళ్ళచేత సంతకం పెట్టించారు. ఆ సంధి కక్షతో రాసింది గనకే ఇరవై ఏళ్ళకి రెండో యుద్ధం వచ్చిందని పుస్తకంలో ఉంది. ఆవిడా అలాగే చెప్పేది, పరీక్షకి రాయించేది కూడా. మనసులో మాత్రం, అదే మహల్లో, అబ్బ, ఎంత హాయిగా ఉండుంటుందో అనుకునేది. గంగాధరరావుని అదే రేవులో, ఊరంతా చూస్తుండగా తలదించుకునేలా చెయ్యాలి. అంతకంటే ఆవిడ దేవుణ్ణి ఏమీ కోరలేదు.

ఈ ఏడు వరద తీసేసరికి మధ్యలంక మళ్ళీ పెరిగింది. ఏటిపాలెం వాళ్ళు పాక వేసి దోసపాదులు పెట్టారు. గంగాధరరావు గారికి డెబ్భై దాటినా, కొడుకు దుర్గాశ్రీనివాస్‌ని ప్రెసిడెంటుని చెయ్యాలన్న కోరిక దాటలేదు. కొడుక్కి చెప్పుకోవడానికి ఒక్క ఘనకార్యం లేదు. యుద్ధం కంటే సులువైన ఘనకార్యం ఏముంది?

ఆదివారం పొద్దున్న రేవు దగ్గర దండోరా వేయించాడు. కేకలు విని సూర్యకుమారి వెళ్ళేసరికి ఇంజన్ పడవ నిండుతోంది. ఎక్కినవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. దుర్గాశ్రీనివాస్ తెల్లచొక్కా వేసుకుని, చెప్పులకి బురద అంటకుండా మెట్టుమీద నిలబడి ఫోన్లో లైవ్ పెట్టాడు. గంగాధరరావు గారు ధర్మరాజుని పక్కన నిలబెట్టుకుని, తెగిన చేతిని పట్టుకుని పైకెత్తాడు.

"ఈ చేతికి బదులు తీర్చుకోవాలా వద్దా? చెప్పండ్రా!"

జనం హోరుమన్నారు. పన్నెండేళ్ళుగా ఎవరు తీరుస్తారా అని ఆవిడ చూసిన పగని, ఇదిగో తీరుస్తానంటూ ఒకరు ముందుకొచ్చారు. వచ్చిందెవరు? చెయ్యి నరికించినవాడే ఆ చేతిని జెండా చేసి ఎగరేస్తున్నాడు. ధర్మరాజు కళ్ళు మెరుస్తున్నాయి. ఎడంచేత్తో కత్తి పట్టుకుని పడవలో ముందు కాలు పెట్టాడు.

"ప్రెసిడెంటు గారండీ," అంది సూర్యకుమారి, మెట్లు దిగుతూ. "తమరు ఏ పడవలో వస్తన్నారండీ? ముందు పడవా, వెనక పడవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఇబ్బందిగా, "ఆడవాళ్ళకెందుకండీ ఇయ్యన్నీ. ఇంటికెళ్ళండి టీచరుగారూ" అన్నాడు.

"వెళ్తానండీ. ఒక్కటి చెప్పండి చాలు. ఆ ఏడు కొట్లాటకి ముందురోజు ఏటిపాలెం పెద్దలు ముగ్గురు మీ అరుగు మీద కూర్చుని, చెరిసగం పంచుకుందాం అన్నారా లేదా? మీరు మజ్జిగిచ్చి పంపి, పొద్దున్నే మా కుర్రాళ్ళతో ఎవరూ రాలేదని చెప్పేరా లేదా?"

కాదని ఒక్క మాట అంటే ఆయన గట్టెక్కేవాడే. సాక్ష్యం చెప్పడానికి అవతలి ఒడ్డువాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు. కాని ఆ కుర్చీ ఆయన్ని పన్నెండేళ్ళకి పైగా పొడుస్తూనే ఉంది.

"వచ్చేరు! వస్తే?" అని గర్జించాడు. "పెద్దమనిషొస్తే లేచి నిలబడ్డం తెలియని ఊరితో నాకు చెరిసగాలేవిటండీ!"

అన్నాక ఆయనకే తెలిసింది. దుర్గాశ్రీనివాస్ కంగారుగా ఫోను కిందికి దించాడు గాని, అప్పటికే ఆ మాట ఏటిపాలేనికీ, కువైట్‌లో ఉన్న గువ్వలరేవు వాళ్ళకీ చేరిపోయింది. పడవలోంచి ముందు ఒకడు దిగాడు. తర్వాత ఇద్దరు. దిగినవాళ్ళు గంగాధరరావు గారి మొహం చూడకుండా పక్కనుంచి పోయారు. ఆయన తలదించుకుని కండువా నేలమీద ఈడ్చుకుంటూ మెట్లెక్కాడు. సూర్యకుమారి కళ్ళారా చూసింది. అంత తీపి ఆవిడ జన్మలో ఎరగదు.

పన్నెండు గంటలకి సలోమి ఫోన్ చేసింది. తాడు పట్టుకుని సోమవారం రమ్మంటున్నారు తమ పెద్దలు, గువ్వలరేవు వాళ్ళకి సమ్మతమేనా అని. సూర్యకుమారి ఉత్సాహంగా కొరమీను పులుసు పెట్టింది. తమ్ముడికి అన్నం వడ్డించి, ఎప్పటిలాగే ముళ్ళు తీసి పెడదామని కంచం దగ్గరికి జరుపుకోబోయింది. ధర్మరాజు కంచం వెనక్కి లాక్కున్నాడు.

"నీకు ఎప్పట్నించి తెలుసక్కా?"

"చెయ్యి పోయిన మూడో నెల నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తట్టుకోలేవనిరా."

"ఇవాళ తట్టుకుంటానని ఎలా అనిపించింది?"

"పడవెక్కేస్తన్నావు కదరా! కత్తి పట్టుకుని! చూస్తా ఊరుకోమంటావా?"

ధర్మరాజు మెల్లిగా అన్నాడు. "నన్ను పక్కకి పిలిచి, చెవిలో చెప్తే దిగిపోయేవోణ్ణి. నేను దిగితే అందరూ దిగిపోయేవోరు. ఊళ్ళో వాళ్ళందరి ముందూ, ఒక ముసలాడి కుర్చీ కోసం పోయింది నా చెయ్యి అని చాటించాలా అక్కా?"

చెవిలో చెప్పాలన్న ఆలోచన ఆవిడకి రాకపోలేదు. మెట్లు దిగుతున్నప్పుడే వచ్చింది. కాని చెవిలో చెప్తే గంగాధరరావు తల దించుకోడు. ఇప్పుడు కూడా ఆ దించుకున్న తల గుర్తొస్తే లోపల తియ్యగానే ఉంది, అందుకే ఆవిడకి భయం వేసింది.

తమ్ముడి చెయ్యి పట్టుకుందామని ముందుకు వంగింది. ఉన్న ఆ ఒక్క చేత్తోనూ అతను ముళ్ళు ఏరుకుంటున్నాడు.