నేపాల్ వెళ్ళిన వడ్ల పట్టా

ఉదయం ఆరు ఇరవైకి సూర్యాపేట కొత్త బస్టాండ్‌లో కోదాడ బస్సెక్కాం, నేనూ తాపా. తాపా పద్నాలుగేళ్ళుగా మా వీధికి కాపలా కాస్తున్న నేపాలీ. నాలుగు రోజుల కిందట వాళ్ళ కొండల్లో భూకంపం వచ్చింది. ఇల్లు కూలి తల్లి చనిపోయింది. భార్య, ఇద్దరు పిల్లలు బతికారు గానీ చేలోనే, మంచులోనే పడుకుంటున్నారని ఫోన్ వచ్చింది.

"ఏమొద్దు సార్. పిల్లల మీద కప్పనీకి ఏదన్న దొరికితే సాలు" అన్నాడు.

దొరకలేదు. కోతల కాలం కదా, వడ్ల మీద కప్పే టార్పాలిన్ పట్టా సూర్యాపేట దుకాణాల్లో ఒక్కటీ మిగల్లేదు. రెండు రోజులు బడి వదలగానే తిరిగాను, చెప్పులరిగాయి తప్ప ఫలితం లేదు. సికింద్రాబాద్‌లో కొందామంటే, అక్కడ రైలు మారడానికి ఉన్నది అరగంటే. ఇక మిగిలింది మిర్యాలగూడ. అక్కడి రైస్ మిల్లులో పనిచేసే తాపా తమ్ముడు కూడా ఊరికి వస్తున్నాడు. సాయంత్రం నాలుగున్నర రైలు ఇద్దరిదీ.

ఏడున్నరకు కోదాడ. బస్టాండ్ ఎదురుగా ఇడ్లీ తిన్నాం. తాపా ఒకటి తిని చేయి కడిగేశాడు. ఒకప్పుడు నాతో పనిచేసిన సువార్త టీచర్ ఫోన్‌లో సంగతి విని ఇటు మీదుగా రమ్మంది. ఆటోలో రెండు పెద్ద మూటలు తెచ్చింది. మూటల్లో బొంతలు.

"పాత చీరలే అన్నయ్యా. మందిరంలో ఆడవాళ్ళం కూర్చుని మూడు రోజుల్లో కుట్టాం. ఒక్కోదాంట్లో ఆరు చీరలున్నాయి" అంది. పైన గోంగూర పచ్చడి డబ్బా ఒకటి.

"ఇది నేపాల్ చేరేదాకా కారకుండా ఉంటదా?" అన్నాను.

"మూడు కవర్లు చుట్టాను. ఎవరో అన్నం పెడతారు, నంజుకోవడానికి ఏదైనా ఉండద్దా?"

తాపా ఆ డబ్బాను తన సంచిలో దుస్తుల మధ్య పెట్టుకున్నాడు.

ఎనిమిది నలభైకి మిర్యాలగూడ బస్సు. మూటలు చూసి కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాలన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు తెరవబోయాను. అంతలో మా మాటలు విన్న వెనక సీటు ముసలమ్మ, "ఆయన తల్లి సచ్చిపోయిందటనే. జర ఊకోరాదు" అంది. కండక్టర్ ఒక మూటను తన సీటు కిందికి తోసుకున్నాడు. హుజూర్‌నగర్ దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే ఆరబోసి ఉన్నాయి.

పదిన్నరకు మిర్యాలగూడలో దిగాం. మూటలు మిల్లు దగ్గర తమ్ముడికి అప్పగించి నాలుగు దుకాణాలు తిరిగాం. పట్టాల్లేవు. తాపా ముఖం చూడలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చింది మా పెద్దమ్మ కూతురు లింగమ్మక్క. ఊరు మాడుగులపల్లి. గొర్లున్నాయి, రెండెకరాల వరి ఉంది. ఆటో మాట్లాడుకుని బయలుదేరాం.

పన్నెండుకల్లా అక్కడున్నాం. కొనుగోలు కేంద్రంలో తన వడ్ల కుప్ప పక్కన గొంగడి పరుచుకుని కూర్చుని ఉంది అక్క. మర్నాడు పొద్దున్నే తూకం. పట్టా మడతపెట్టి పక్కనే ఉంది. ఎండ మాడు పగలగొడుతోంది, ఎక్కడా మబ్బు తునక లేదు. అది చూసే సంగతంతా చెప్పి అడిగేశాను. ఇంకొకటి ఉందో లేదో అడగాలన్న తెలివి లేకపోయింది నాకు.

అక్క పట్టా తీసి తాపా ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"వద్దక్కా. నేను సూర్యాపేట మార్కెట్ల గూడ కాపలా ఉన్న. వడ్లు తడిసి రైతులు ఏడ్సుడు సూసిన."

"వడ్లు తడిస్తే ఎండబెట్టుకుంట. నీ పోరగాళ్ళు తడిస్తే ఏంజేస్తవ్?" అంది అక్క. "తీస్కపో. మళ్ళ రైలు పోతది."

తాపా వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. అంతసేపూ బిగబట్టుకున్నవాడు అక్కడ ఏడ్చాడు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మిర్యాలగూడ స్టేషన్‌కు రైలు నాలుగు నలభైకి వచ్చింది. అన్నదమ్ములు మూటలతో ఎక్కారు. పట్టాను తాపా పైన పెట్టలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాడు. రైలు కదిలాక వెనక్కి తిరిగితే పడమర నల్లగా ఉంది.

సూర్యాపేటకు వేరే బస్సు ఉన్నా నల్లగొండ బస్సెక్కాను, అది మాడుగులపల్లి మీదుగా పోతుందని. దారిలోనే చినుకులు మొదలయ్యాయి. దిగేసరికి ఐదున్నర దాటింది. వాన దంచుతోంది. నన్ను నేను తిట్టుకుంటూ పరుగెత్తాను.

కుప్ప మీద గొంగళ్ళున్నాయి. ఒకటి రెండు కాదు, పది పన్నెండు. అక్క వాళ్ళ వాడకట్టులో గొర్లు కాసేవాళ్ళంతా ఎవరి గొంగడి వాళ్ళు తెచ్చి ఒకదాని అంచు మీద ఒకటి పరిచి రాళ్ళు పెట్టారు. ఎన్ని వానలు కాచిన గొంగళ్ళైనా, కుప్పంతటికీ చాలలేదు. రోడ్డు వైపు అడుగు భాగం తడిసి నీళ్ళు కిందికి పోతున్నాయి. ఇక రేపు తూకం లేదు. అక్క చీపురుతో నీళ్ళు తోస్తోంది. నన్ను చూసి మొదట అడిగిన మాట ఇది:

"రైలెక్కిండా తమ్మీ?"

"ఎక్కిండక్కా. తప్పు నాది. ఇంకొకటి లేదని నాకు తెల్వదు."

"తెలిస్తే అడుగుతుంటివా?" అంది. "అందుకే చెప్పలే."

అప్పుడే ఫోన్ మోగింది. తాపా. నల్లగొండ దాటాడట. "సార్, ఈడ మస్తు వాన పడ్తుంది. అక్కకు జర ఫోన్ చేసి అడగండి, వడ్లు..."

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. వాన చప్పుడు వినబడకుండా తలమీది కొంగు లాగి ఫోన్‌కు అడ్డం కప్పుకుంది.

"ఈడ ఒక్క సుక్క పడలే బిడ్డా. నువ్వు మంచిగ పో. పోరగాళ్ళు పైలం."

ఫోన్ నాకిచ్చి మళ్ళీ చీపురు పట్టింది. వాన తగ్గేదాకా నేనూ నీళ్ళు తోశాను. నల్లగొండ మీదుగా సూర్యాపేట చేరేసరికి బట్టలు ఒంటి మీదే ఆరాయి. మా వీధిలో నేల పొడిగా ఉంది. కోతల కాలంలో ఇలాంటి పని మీద ఈ దారిన వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే, మా ఊళ్ళలో పట్టా అడగకండి. లేదనరు, ఉన్న ఒక్కటీ ఇచ్చేస్తారు.