ఒకే గొలుసు, ఎనిమిది సైకిళ్లు

రెండువేల సంవత్సరం ప్రాంతం. పెదకాకాని నుంచి గుంటూరుకు రోజూ సైకిల్ మీద వెళ్లి, ఒక బట్టల కొట్లో పనిచేసేదాన్ని. ఆ ఏడాది బజారులో కార్లకు చోటు కావాలని సైకిల్ స్టాండు ఎత్తేశారు. మా సైకిళ్లు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కొట్లలో పనిచేసే ఎనిమిది మందిమి ఒక గోడవార పెట్టుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం గోల విని బయటికొస్తే, కానిస్టేబుల్ ఎనిమిదింటికీ కలిపి ఒకటే గొలుసు వేసి తాళం బిగిస్తున్నాడు.

"స్టేషన్‌కొచ్చి ఫైను కట్టి తీసుకెళ్లండి" అన్నాడు. పక్కనే దారికి అడ్డంగా పెట్టిన కారు ఆయనకు కనబడలేదు.

నాకు ఒళ్లు మండింది. చూస్తే, గొలుసు చక్రాల్లోంచి కాదు, ఫ్రేముల్లోంచి దూర్చాడు. అంటే చక్రాలు తిరుగుతాయి!

గాజుల కొట్లో పనిచేసే మస్తాన్ గారితో, "బాబాయ్, నీ సైకిల్ పట్టుకో. అన్నీ కలిపి స్టేషన్‌కే తోసుకెళ్దాం" అన్నాను.

"రోడ్డంతా మనమే అయిపోతామమ్మా!"

"అవనీ బాబాయ్."

కానిస్టేబుల్ అడ్డొస్తే, "రమ్మంది మీరే కదండీ" అన్నాం. ఎనిమిది మందిమి పక్కపక్కనే, రోడ్డు నిండా నడిచాం. వెనక కార్లు ఒకటే హారన్లు. ఊరంతా నన్నే చూస్తున్నట్టు సిగ్గేసింది. అయినా ఆగలేదు.

స్టేషన్ ముందు ఎస్సై గారు పరుగున వచ్చి, "ఏందమ్మా ఇది? ముందు దారి వదలండి!" అని అరిచారు.

"తాళంచెవి మీ దగ్గరే ఉందండీ" అన్నాను.

ఫైను మాట ఎత్తకుండా తాళం తీయించారు.

మర్నాడు భయపడుతూనే వెళ్లాను. అదే గోడవార అప్పటికే ఏడు సైకిళ్లున్నాయి. మధ్యలో నా సైకిల్‌కు చోటు వదిలిపెట్టారు.