మలుపు దాకా లాగాలి

జీన్లమ్మకు ఎవరు వద్దన్నా చెవికెక్కదని వీధంతా అంటుంది. చెవికి బాగానే ఎక్కుతుంది, ఒంటికే పట్టదు. అదీ ఈ మధ్య వచ్చిన అలవాటు. అంతకుముందు నలభై ఏళ్ళు ఎవరేది వద్దంటే అది మానుకుంటూనే బతికింది. భర్త తోలుపని కొట్టంలో గుర్రాలకు జీన్లు, పట్టెడలు కుట్టింది. పేరు ఆయనకొస్తే ఊరుకుంది. ఆమె కుట్టిన సామాను వేసుకున్న గుర్రాలు కొండలు దాటి, సముద్రం చూసి, ఉప్పు బస్తాలతో తిరిగొచ్చేవి. ఒక్కసారి నేనూ వస్తానంటే, "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడాయన. చూద్దాం చూద్దాం అంటూనే పోయాడు. ఆ తర్వాత ఆమె ఇంకెవరినీ అడగడం మానేసింది. నన్నడిగితే మంచి పనే చేసింది.

సముద్రం దాకా వెళ్ళడానికి ఇద్దరు తోడు దొరికారు. ఒకరు పక్కింటి దర్జీ. ఆమెకూ జీన్లమ్మకూ ఏ చుట్టరికమూ లేదు, అయినా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఎవరు ఎవరికి ఆడపడుచో ఇంతవరకూ తేలలేదు. రెండో ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరిగినవాడు కాబట్టి, ఇంకో రోడ్డు ఎలా ఉంటుందో చూడాలని ఆయనకూ ఉబలాటంగా ఉంది.

సాయంత్రాలు కొట్టంలో తోలు ముక్కల మధ్య కూర్చుని ముగ్గురూ ప్రయాణం సంగతులు మాట్లాడుకున్నారు. భర్త వదిలిపోయిన గుర్రం ఒకటి, పాత బండి ఒకటి ఉన్నాయి. డ్రైవరు ఆ బండికి కారు చక్రాలు బిగించి, చిటికెన వేలితో తోస్తే కదులుతుందని గొప్పలు పోయాడు. దర్జీ బండికి గుడ్డ పైకప్పు కుట్టింది. దారిలో ఎక్కడెక్కడ ఆగాలన్న దగ్గర మాత్రం పేచీ వచ్చింది. డ్రైవరు చెప్పిన ప్రతి చోటూ బస్టాపే.

"గుర్రానికి టిక్కెట్టు కూడా కొడతావా అన్నయ్యా?" అంది దర్జీ.

ఇక పట్టెడ ఒక్కటే మిగిలింది. గుర్రం రొమ్ముకు అడ్డంగా వచ్చి, బండి బరువంతా మోసే వెడల్పాటి తోలు పట్టీ అది. తోలు జీన్లమ్మ కుట్టింది. లోపల దూది పెట్టి మెత్తటి గుడ్డతో అస్తరు వేసే పని దర్జీ చేసింది.

అది పూర్తయిన రోజే జీన్లమ్మ కొడుకు కొట్టంలోకి వచ్చాడు. అతనికి వీధి చివర మోటారు స్పేర్ పార్టుల దుకాణం ఉంది. చెడ్డవాడు కాదు. కాకపోతే తల్లి మోకాళ్ళ గురించి తల్లికంటే తనకే ఎక్కువ తెలుసనుకునే రకం.

"గుర్రాన్ని అమ్మేస్తున్నానమ్మా. ఎల్లుండి పొద్దున మనిషొచ్చి తోలుకుపోతాడు" అన్నాడు.

"మేం రేపే పోతున్నాం" అంది ఆమె.

"పోతావా? మరి పట్టెడ ఎవరు లాగి చూస్తారు? నాన్న లేడు, నేను లాగను. లాగి చూడకుండా గుర్రానికి కడతానంటే నువ్వు జీన్లమ్మవే కావు."

దెబ్బ సరిగ్గా తగిలింది. ఆమె మామగారి నాటి నుంచీ ఆ కొట్టానికి ఒక నియమం ఉంది. కొత్త పట్టెడ గుర్రానికి ఎక్కేముందు, కుట్టినవాళ్ళు దాన్ని తమ రొమ్ముకు వేసుకుని, నిండు బండిని వీధి మలుపు దాకా లాగాలి. గుర్రం నోరు తెరిచి చెప్పదు కాబట్టి, అది ఎక్కడ కోస్తుందో కుట్టినవాళ్ళ ఒంటికే తెలియాలి. నియమం అలా ఉన్నా, కుట్టింది ఆమె, లాగింది భర్త. ఆడది వీధిలో బండి లాగితే నలుగురూ ఏమనుకుంటారని ఆయన భయం.

కొడుకు గెలిచినవాడిలా వెళ్ళిపోయాడు. మూల కూర్చున్న డ్రైవరు లేచాడు.

"నేను లాగుతాలే అక్కా."

"కుట్టింది నువ్వా?"

"కాదనుకో."

"మరి నోరు మూసుకో తమ్ముడూ. పొద్దున్నే సామాను ఎక్కించండి."

మర్నాడు వీధి నిండా జనం తిరిగే వేళ, పరుపులు, గిన్నెలు, దాణా బస్తాలు అన్నీ ఎక్కిన బండి నొగల మధ్య, గుర్రం ఉండాల్సిన చోట, జీన్లమ్మ నిలబడింది. కాళ్ళు జారకుండా చెప్పులు గడప దగ్గరే విడిచింది. కొంగు బిగించి దోపుకుని, పట్టెడ రొమ్ముకు వేసుకుని ముందుకు వంగింది. మొదట ఏమీ కదల్లేదు. తర్వాత చక్రాలు కిర్రుమన్నాయి.

"ఏంటత్తా, గుర్రానికి సెలవిచ్చావా?" అని అడిగాడు ఇనుప సామాను కొట్టువాడు.

"ఇచ్చాను. నీకు పని లేకపోతే చెప్పు, నీ కొలతకి ఇంకో పట్టెడ కుడతాను."

సగం వీధి దాటాక ఎడమ భుజం కింద ఏదో గుచ్చుకుంది. ఇంకో నాలుగడుగులు వేసింది. చర్మం మండిపోయింది. ఆగిపోయింది. కొడుకు దుకాణంలోంచి పరుగున వచ్చాడు.

"ఇక చాలమ్మా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఇన్నాళ్ళూ చూడలేదనేగా నా బాధ."

పట్టెడ తీసి తిరగేసింది. అస్తరు మీద వరసగా చిన్న చిన్న దారపు ముడులు. దర్జీ మొహం పాలిపోయింది.

"ముడులు లోపలికేగా వెయ్యాలి వదినా? బయటికి కనపడితే కుట్టు బాగుండదు."

"బట్టకి బయట అందం వదినా. దీనికి లోపలే అందం. లోపలుండేది ఒళ్ళు." ఆమె గొంతులో కోపం లేదు. "కొండ ఎక్కేసరికి గుర్రం రొమ్ము పుండయిపోయేది. సూది ఇలా ఇవ్వు."

నడివీధిలో చతికిలబడి కూర్చుని, ముడులన్నీ కత్తిరించి, మైనం రాసిన దారంతో మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. వెనక బస్సొచ్చి హారన్ మోగించింది. మన డ్రైవరు దర్జాగా వెళ్ళి, "పక్కనుంచి పోనీ తమ్ముడూ, ఇక్కడ రిపేరు జరుగుతోంది" అని చెయ్యి ఊపాడు. కొడుకు తల పట్టుకున్నాడు.

రెండోసారి లాగినప్పుడు ఏదీ గుచ్చుకోలేదు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి, ఊపిరి అందలేదు, అయినా ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మలుపు వచ్చింది. భర్త ప్రతిసారీ అక్కడే బండి వెనక్కి తిప్పేవాడు.

"నియమం అయిపోయిందక్కా, ఆపు" అన్నాడు డ్రైవరు.

ఆమె మలుపు తిరిగి ముందుకే పోయింది.

కొంత దూరం వెళ్ళాక వెనక గిట్టల చప్పుడు వినిపించింది. కొడుకు ఒక చేత్తో గుర్రం పగ్గం, ఇంకో చేత్తో తల్లి చెప్పులు పట్టుకుని వస్తున్నాడు.

"బయటికి రామ్మా నొగల్లోంచి. నిన్నలా చూడలేకపోతున్నాను."

ఆమె బయటికొచ్చింది. పట్టెడ గుర్రానికి కట్టి, కొడుకు చెయ్యి లాగి దాని కింద దూర్చింది.

"నడిపించు. ఎక్కడైనా కోస్తుందేమో చూడు."

అతను గుర్రంతో పాటు కొంతదూరం నడిచాడు. "లేదమ్మా" అన్నాడు చివరికి, తలెత్తకుండా.

ఆమె చెప్పులు వేసుకుని బండెక్కింది. దర్జీ, డ్రైవరు కూడా ఎక్కారు. పగ్గాల కోసం డ్రైవరు చెయ్యి చాపాడు కానీ ఆమె ఇవ్వలేదు.

"గుర్రం కోసం రేపు ఆ మనిషొస్తే ఏం చెప్పమంటావు?" అన్నాడు కొడుకు.

"వచ్చే ఏడు చూద్దాంలే అని చెప్పు" అంది జీన్లమ్మ, పగ్గాలు వదులు చేస్తూ.